గడప చెక్క మీద పసుపు పొర

వానాకాలంలో గోడలకు రంగులు వేసేవాడికి పని ఉండదు. తడి గోడ మీద వేసిన రంగు నెల తిరక్కముందే పొక్కులు లేచి, పెచ్చులుగా ఊడి, వేసినవాడి పరువును కూడా వెంటబెట్టుకుని కింద పడుతుంది. అందుకని వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా ముందు దాకా అచ్చంపేట బస్టాండు పక్కనున్న టీ హోటలే నా ఆఫీసు. వచ్చేపోయేవాళ్ల మీద మాటలు విసరడం నా ఉద్యోగం. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని కదా, నా పైచదువులన్నీ ఆ బెంచీ మీదే అయ్యాయి.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు, అట్లాంటి ఒక ముసురు రోజున ఒక అమ్మాయి గొడుగు ముడుచుకుంటూ హోటల్లోకి వచ్చింది.

"అన్నా, చుట్టుపక్కల ఊర్లు తెలిసి, మోపెడ్ ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా? రెండు మూడు నెలలు పని ఉంటది."

హోటలాయన నావైపు వేలు చూపించాడు. పని లేనివాళ్లు ఆ పూట ఆరుగురం ఉన్నాం గానీ, మోపెడ్ ఉన్నది నాకొక్కడికే.

ఆమెది షాద్‌నగర్. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దేని మీద అని అడిగాను.

"కట్టెకు పట్టే పొరల మీద."

"అంటె గోడకు చెమ్మ వట్టినట్టా?"

"గట్లనే అనుకో."

"మరి గీకి లప్పం పెడ్తరా?"

"గీకి, అదేందో తెలుసుకొని పేరు రాస్త."

"పేరు రాస్తె పోతదా మేడం?"

హోటల్లో అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వకుండా, "పోవొద్దనే రాసేది" అంది. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషితో నాకు కష్టమేనని.

సంగతి ఏమిటంటే, ఆమె వెతికేవి పుట్టగొడుగుల దగ్గరి చుట్టాలే. కానీ వాటికి గొడుగూ ఉండదు, కాడా ఉండదు. కింద పడి మగ్గుతున్న కట్టెకు, నేల వైపు ఉండే భాగంలో, ఎవరో పూత పూసి పోయినట్టు పల్చగా పరుచుకుని ఉంటాయి. పక్కనుంచి చూస్తే ఏదో మరకలే అనుకుని దాటిపోతాం. ఆమె దాటదు. దుంగను దొర్లించి, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న అద్దం కంటికి ఆనించి, ముక్కు కట్టెకు తగిలేంత దగ్గరగా వంగి చూస్తుంది. ఆ వైపుగా గొర్రెలు తోలుకుపోయే ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "గా పిల్లకు ఏం పోయింది? ముక్కుపుల్లనా?" అని అడిగాడు. అవునని చెప్పాను. పాపం ఆయన కూడా గంటసేపు వెతికాడు.

వారం తిరిగేసరికి ఆ పని నాకు వంటబట్టింది. పాతికేళ్లుగా పూతలు చూస్తున్నవాణ్ని. కొన్ని పొరలు నున్నగా ఉంటాయి, కొన్నిటికి సన్నటి పళ్లుంటాయి, కొన్ని ఎండిన మడిలా పగిలి ఉంటాయి. అంచు పల్చబడి దారాలు దారాలుగా పోతే ఒక జాతి, గీత గీసినట్టు టక్కున ఆగితే వేరే జాతి అని ఆమె చెప్పింది. నేను నా భాషలో చెప్పేవాణ్ని.

"గిది జల్లెడ పట్టని సున్నం. గిది మొదటి కోటు ఎండకముందే రెండోది ఏసిండు. గిది పొద్దుగూకుతాందని బ్రష్ ఎత్తేసి ఇంటికి పోయిండు."

ఆమె నవ్వుకుంటూనే నా మాటలు నోటుబుక్కులో పక్కన రాసుకునేది. రంగుల విషయంలోనైతే నన్ను అడక్కుండా రాసేది కాదు. ఆమె "లేత గోధుమ" అంటే నేను "కాదు, పాలు ఎక్కువైన టీ" అనేవాణ్ని.

ఆమె దగ్గర ఒక చిన్న సీసా ఉండేది. అందులోది సున్నపు తేటలాంటిదే గానీ ఇంకా ఘాటు, వేళ్లకు తగిలితే జారుతుంది. పొర మీద దాన్నొక చుక్క వేస్తే, కొన్ని నల్లబడతాయి, కొన్ని ఏమీ కావు. బహు అరుదుగా ఏదో ఒకటి ఎర్రగా మారుతుందట. తర్వాత ముక్కను కిరాయి గదికి తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టి, విత్తనాల్లాంటి రేణువుల్ని కొలిచి, పుస్తకాలు తిరగేసి, అప్పుడు పేరు. ఒక్కోదానికి మూడు రోజులు పట్టేది. నేను ఆ మూడు రోజుల్లో రెండు గదులు, ఒక వరండా పూర్తి చేస్తానని అన్నాను. "చెయ్, ఎవరొద్దన్నరు" అంది.

ఒకరోజు మాత్రం మోపెడ్ వెనక కూర్చుని, తనంతట తానే చెప్పింది.

"ఇప్పటిదాక దొరికినవన్ని అందరికి దొరికేవే అన్నా. దసరాతోని నా గడువు అయిపోతది. గీ మెట్ట ప్రాంతంల ఎవరు చూడనిది ఒక్కటన్న దొరికితె ఇంకో ఏడాది ఇప్పిస్తనన్నరు మా సారు. లేకుంటె ఉన్నదే రాసుకొని అప్పజెప్పుడే."

అది విన్నాక మర్యాదస్తుడైనవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు. నేను మర్నాడే ఒక మద్ది బెరడు ముక్క మీద మీగడ రంగు డిస్టెంపరు వేసి, తడి ఆరకముందే ఉప్పు చల్లి, నీడలో ఎండబెట్టి తెచ్చి ఇచ్చాను. ఆమె గంటన్నర మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. చివరికి, "దీంట్ల ప్రాణమున్నదేదీ కనవడ్తలేదేంది" అని తనలో తను గొణుక్కుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆమె ముక్కను నాకి చూసింది. తర్వాత కిటికీలోంచి బయటికి విసిరేసి, "ఇయ్యాల్టి నుంచి నీ మాట సగమే వింట" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె ప్రతి సోమ, మంగళవారాలు యూనివర్సిటీకి పోయేది. ఆ రెండు రోజులు నేనొక్కణ్నే వెతికి, ముక్కల్ని కాగితం పొట్లాల్లో కట్టి ఉంచాలి. షరతు ఒక్కటే: అడవి అంచున సహజంగా పడి ఉన్న కట్టె మీదివే తేవాలి. ఏ కట్టె, ఎక్కడ, ఏ వైపు అన్నది నేను చెబితే ఆమె చీటీ మీద రాసేది.

ఒక మంగళవారం వాన దంచి కొట్టింది. అడవి దాకా ఎవడు పోతాడని, దారిలో ఉన్న ఊళ్లోనే ఒక అవ్వ ఇంటి ముందు మోపెడ్ ఆపాను. అవ్వ పాత ఇల్లు కూల్చి స్లాబు వేయించినప్పుడు రంగులు వేసింది నేనే. లోపల అవ్వ టీ పెడుతుంటే నేను పెరట్లోకి నడిచాను. గోడకు ఆనించి పాత ఇంటి సామాను ఉంది. అందులో ఒక మందపాటి టేకు చెక్క. దానిమీద అరచేయంత మేర, బంతిపువ్వు రంగులో, అట్లాంటి పొర నేను అప్పటిదాకా చూడలేదు. జేబులో లప్పం గీకే పట్టీ ఉంది. చెక్కు తీసి పొట్లం కట్టాను. టీ తాగి వచ్చేశాను.

మర్నాడు ఆమె కలం పట్టుకుని అడిగింది. "ఏ కట్టె?"

"టేకు దుంగ."

"ఏడ?"

"అడివి అంచుల్నే."

"ఏ దిక్కు?"

"కింది దిక్కు." మూడింటిలో ఒక్కటి నిజం: టేకు.

ఆమె చుక్క వేసింది. పసుపు పొర కళ్లముందే ఎర్రబడింది. నెత్తురులా చిక్కగా. ఆమె ఇంకో చుక్క వేసింది. మళ్లీ ఎరుపే. పుస్తకం తెరిచింది, కొలిచింది, ఇంకో పుస్తకం తెరిచింది. పొద్దువాలేటప్పుడు టీ హోటలుకు వచ్చి, "దొరికిందన్నా" అని, మొదటిసారి నా పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగింది. పసుపుగా ఉండి చుక్కకు ఎర్రబడేది ఒకటుందట, ఈ వైపు ఎవరూ చూసినట్టు లేదట. రేణువులు కొంచెం చిన్నగా ఉన్నాయి గానీ సరిపోవచ్చట. ఫొటోలు వాళ్ల సారుకు పంపేసింది. ఆయన కూడా సంబరపడి, ఇంకొంచెం తెమ్మన్నాడు, చోటు గుర్తులు కూడా పంపమన్నాడు.

"రేపు గా దుంగ కాడికి పోదం."

ఆ రేపును నేను వారం రోజులు జరిపాను. మొదటి రోజు మోపెడ్ ట్యూబు పోయింది. రెండో రోజు ఆ దిక్కున ఎలుగుబంటి తిరుగుతోంది. మూడో రోజు మా అత్తకు పానం బాగాలేదు. నాలుగో రోజు మా అత్త రెండు సంచుల కూరగాయలు మోసుకుంటూ ఆమెకే బజార్లో ఎదురుపడి, ఎట్లున్నావు బిడ్డా అని పలకరించింది.

"నీ అత్తకు జల్ది నయమైందన్నా" అంది ఆమె.

అప్పటికి నా భయమంతా చోటు గురించే. పొర మంచిదే, జాగానే అబద్ధం, ఇంకో ముక్క తెచ్చి ఎక్కడో ఒక దుంగ కింద పెట్టి చూపిస్తే సరిపోతుందని నా లెక్క. తర్వాతి శుక్రవారం పొద్దున్నే అవ్వ ఇంటికి పోయాను. అవ్వ కొత్త గడప ముందు కూర్చుని పసుపు రాస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగి, తమలపాకు తీసి, డబ్బీలోంచి వేలితో సున్నం రాసుకుంది. అదే చెయ్యి. పసుపు చేతి వేలు సున్నం తగిలిన చోట ఎర్రగా అయింది.

నేను ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను.

"ఏందిరా గట్ల చూస్తవ్? ఆకు కావాల్నా?"

"అవ్వా, ఎనకున్న గా టేకు చెక్క ఏంది?"

"పాతింటి గడప. మా అత్త రాసింది, నేను రాసిన, ఎన్ని శుక్రవారాలో. గడపను పొయ్యిల వెట్టొద్దు గద, గందుకే పక్కకు వెట్టిన. దాన్ని ఎలుక కొరికింది సూడు, గింతంత."

ఆ ఎలుక నేనే. దాని సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు తిప్పి పోయడం నేను వందసార్లు చూశాను. మేడం కూడా చూసే ఉంటుంది. తరాల పసుపు తాగిన చెక్క మీద తెల్ల పొర పెరిగితే దానికి ఏ రంగు వస్తుందో ఇద్దరికీ తట్టలేదు. ఆమెకు ఎందుకు తడుతుంది, నేను దుంగ అన్నాను కదా.

ఆ పూటే గదికి పోయి చెప్పేశాను. ఆమె మైక్రోస్కోపులోంచి కళ్లు తీయకుండా విన్నది.

"నీ మాట సగమే వింట అన్న గద. గిప్పుడు ఏ సగం వినాలె?"

"మొత్తం ఇను ఇయ్యాల. అది గడప చెక్క. ఎర్రగైంది పసుపు."

"పసుపు ఎర్రగైతదని నాకు తెల్వదా? గా దుంగ కాడికి తీస్కపోబుద్ధి కాక గిదొక కథనా?"

"మా ఇంటికి రా. మా గడప మీద ఏసి చూడు."

వచ్చింది. మా ఆవిడ తడిగుడ్డతో గడప తుడిచి లేచేసరికి, ఈమె వంగి సీసా మూత తీసింది. చుక్క పడింది. ముగ్గురం చూశాం. పసుపుపచ్చగా నిగనిగలాడుతున్న మా గడప అట్లాగే ఉంది. రెండో చుక్క. అట్లాగే ఉంది.

"ఎర్రగ కాలేదన్నా" అంది ఆమె నెమ్మదిగా.

"ఎట్లయితది?" అంది మా ఆవిడ. "పోయిన దసరాకు గాయనే ఏసిండు పెయింటు. వారం వారం రాసుడెందుకు, గిది అయిదేండ్లు వస్తదని. అమ్మా, నువ్వు గాయన మాట వట్టుకొని వచ్చినవా? పెండ్లయి పదిహేనేండ్లయె, ఏది నిజమో నాకే అర్థమయితలేదు."

నా జీవితంలో ఒక్కసారి నిజం చెప్పబోతే నా ఎనామెల్ పెయింటే నాకు అడ్డం వచ్చింది. ఆమె సీసా సంచిలో వేసుకుని బయల్దేరబోయింది. చేతులు జోడించి మోపెడ్ ఎక్కించాను.

అవ్వ ఇంట్లో ఎక్కువసేపు పట్టలేదు. కొత్త గడప మీద ఒక్క చుక్క పడగానే ఎరుపు పారింది. అవ్వ అరవలేదు, ఆకు నములుతూ అంది:

"దిష్టి తీసేటోళ్లు జర చెప్పి తియ్యాలె బిడ్డా. ఎవరికి తాకింది దిష్టి?"

ఆమె సీసా మూత పెట్టింది. పెరట్లోకి నడిచి, పాత గడపను ఇటు తిప్పింది. ముందు వైపు చెక్కిన పూలు, కుంకుమ బొట్ల మరకలు, నేను గీకిన చోటు. ఇక అడిగేది ఏమీ లేదు. తర్వాత దాన్ని అటు తిప్పింది. ఇన్నేళ్లూ నేలలో కూరుకుపోయి పసుపు ముఖం చూడని వైపు. అక్కడా అదే పొర ఉంది, అదే అంచు, అవే సన్నటి పగుళ్లు. తెల్లగా. చుక్క వేసింది. తడి అయింది, అంతే.

"ఎలుక నువ్వేనా?" అంది అవ్వ నాతో.

"నేనే అవ్వా."

"అడిగితె ఇయ్యనంటినా?"

ఆమె పెరటి అరుగు మీద కూర్చుని, వాళ్ల సారుకు అక్కడే ఫోన్‌లో రాసింది. రాసింది నాకు చదివి వినిపించింది: తన సేకరణలో పొరపాటు జరిగిందని, రంగు పసుపుదని, పొర పేరు వెనక్కి తీసుకుంటున్నానని. నా ముచ్చట ఒక్క అక్షరం లేదు.

"నా వల్లనే అయిందని రాయి" అన్నాను.

"చీటీ మీద చేతిరాత నాది" అంది.

అవ్వ ఇద్దరికీ టీ తెచ్చింది.

సారు మర్నాడు ఫోన్ చేశాడు. ఆమె స్పీకర్ పెట్టింది. ఆయన తిట్టలేదు. "ఇంకో ఏడాది సంగతి ఇక మర్చిపోండి. ఉన్న జాబితానైనా కాపాడుకుందాం. ఆ మనిషి ఒక్కడే తెచ్చినవి ఎన్ని? ప్రతిదానికీ చోటు చూడండి. చూపించలేనివి తీసేయండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నానని తెలిస్తే 'ఆ మనిషి' అనేవాడో లేదో.

పధ్నాలుగు పొట్లాలు. అవి పోతే ఆమె జాబితా సగానికి పడిపోతుంది, దసరాకు మూడు వారాలుంది. గదిలో పేపర్ల మీద వరసగా పరిచింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"గిది?"

"అడివి అంచుల్నే."

"నన్ను చూసి చెప్పు."

"బస్టాండు ఎనక, విరిగిన బెంచి కాలు."

కొట్టేసింది. "గిది?"

"అడివే. ఒట్టు."

"గిది?"

"మా బామ్మర్ది మంచం కోడు."

"ఆయనకు తెలుసా?"

"మంచం ఊగుతాందని తెలుసు. ఎందుకో తెల్వదు."

ఆ పూట మొదటిసారి ఆమె పెదవి కదిలింది, వెంటనే బిగపట్టుకుంది. మొత్తం ఐదు పోయాయి. తొమ్మిదింటికి చోటు చూపించాలి. నాలుగు రోజుల్లో ఎనిమిది చూపించాను, ఏ దుంగను దొర్లించినా కింద నేను గీకిన గుర్తు ఉంది. తొమ్మిదోది మద్ది కట్టె. అది పొరల్లోకెల్లా మామూలుది, తెల్లటిది, నున్నటిది, ఆమె జాబితాలో మాత్రం ఆ రకం అదొక్కటే. దాన్ని తీసిన చోటు నాకు బాగా గుర్తుంది. కానీ అప్పటికీ ఇప్పటికీ గడ్డి నడుం దాకా పెరిగింది, వాగు పక్కన దారి కొట్టుకుపోయింది. పొద్దున వెళ్లినవాళ్లం మధ్యాహ్నం దాకా తిరిగాం. సన్నగా వాన మొదలైంది.

"పోనీ అన్నా. కొట్టేస్త."

"ఉన్నది. నేను అబద్ధం చెప్తలేను."

"అబద్ధమని నేనన్ననా? దొరకకుంటె నేనేం చెయ్యాలె?"

నేను చెప్పులు విడిచి గడ్డిలో కాళ్లతో తడుముతూ పోయాను. తేలు ఉంటుందని ఆమె అరుస్తూనే ఉంది. చాలాసేపటికి బొటనవేలికి గట్టిగా ఏదో తగిలింది. ఇద్దరం కలిసి దొర్లించాం. కింద తెల్లటి పూత, మధ్యలో చెక్కు లేచిన గుంట. ఆమె గొడుగు నా చేతికిచ్చి, పొట్లం విప్పి, ఎండిన ముక్కను ఆ గుంటలో పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మూడోసారికి ముక్క అంచులతో సహా కూర్చుంది, లప్పం పెట్టి నున్న చేసినట్టు.

"గిది ఉంచుదం" అంది.

ఇంకో ఏడాది రాలేదు. దసరాకు ముందే, అరుదైనది ఒక్కటీ లేని జాబితాతోనే ఆమె అప్పజెప్పింది. అవ్వ గడప వెనక వైపు పొరకు ఇప్పటికీ పేరు తేలలేదు. ఆ మద్ది పొర గురించైతే ఆమే చెప్పింది, దాన్ని ఎవరూ తల తిప్పి చూడరని. అయినా ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఆ పొట్లాన్ని సంచిలో వేయకుండా, వాన తగలకుండా కొంగు కప్పి ఒళ్లో పెట్టుకుంది. నేను అచ్చంపేట దాకా నోరు మూసుకుని, గుంత గుంతనూ తప్పించి నడిపాను.